ఎనిమిది బార్ల దగ్గరే ఆగిపోతున్నా, లూప్‌ని పాట చేయడం ఎలా?

కొత్తచెవి
అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు ఏ వాయిద్యమూ రాదు, పాటలంటే ప్రాణం అంతే. ఆర్నెల్ల కింద రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఉచితంగా దొరికే లూప్‌లు (తిప్పి తిప్పి మోగించే చిన్న శబ్దం ముక్కలు) దింపుకుని మొదలుపెట్టా. ఒక డ్రమ్ లూప్, దాని కింద బేస్, పైన ఒక ప్యాడ్ (సాగుతూ ఉండే మెత్తటి స్వరాలు), ఒక గిటార్ ముక్క. ఎనిమిది బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు బీట్లు) చాలా బాగా వస్తాయి, ఎంత బాగా అంటే రాత్రంతా అదే తిప్పి తిప్పి వింటూ కూర్చుంటా. ఆ తర్వాత ఏం చేయాలో తెలీట్లేదు. దాన్నే కాపీ చేసి మూడు నిమిషాలు పరిస్తే నిమిషం దాటేసరికి నాకే విసుగొస్తోంది, పోనీ ఇంకో లూప్ కలుపుదామంటే అంతా గోలగోలగా అయిపోతోంది. ఇలాంటివి ఫోల్డర్లో 23 ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి పూర్తి కాలేదు. ఒక్క పాటైనా చివరిదాకా చేయాలని చాలా కోరికగా ఉంది, దారి చెప్పండి ప్లీజ్.

హైహ్యాట్
బీపీఎం, అంటే నిమిషానికి బీట్లు, ఎంత పెట్టావు? అన్ని లూప్‌లూ ఒకే కీలో ఉన్నాయా?

కొత్తచెవి
96 అన్నా. కీ అంటే... ఫైల్ పేర్లలో ఏదో రాసి ఉంటుంది కదా, అది నేను చూడలేదు. చెవికి బాగుంటే పెట్టేస్తున్నా.

హైహ్యాట్
అయితే ముందు అది చూడు, కీ అంటే ఆ ముక్క ఏ స్వరాల వరసలో ఉందో అది. ఇంకో లూప్ కలిపితే గోల అవుతోందంటే సగం కారణం అదే అయి ఉంటుంది. ఒకటి ఏ మైనర్, ఇంకోటి జీ మైనర్ ఉంటే కొట్టుకుంటాయి, జీ మైనర్ దాన్ని రెండు సెమీటోన్లు, అంటే రెండు అరస్వరాలు, పైకి జరిపితే సరిపోతుంది. ఏ మైనర్ పక్కన సీ మేజర్ అయితే జరపక్కర్లేదు, రెండిటికీ స్వరాలు అవే.

బీట్‌మేకర్77
నేను ఎఫ్ఎల్ స్టూడియోలో చేస్తా కానీ విషయం ఎక్కడైనా ఒకటే. చెల్లీ, ముందు ఒక లెక్క చూడు. 96 బీపీఎంలో ఒక బీట్ 0.625 సెకన్లు, ఎనిమిది బార్లు అంటే 32 బీట్లు, సరిగ్గా 20 సెకన్లు. మూడు నిమిషాల పాటకి 72 బార్లు కావాలి, అంటే నీ ఎనిమిది బార్ల ముక్కలు తొమ్మిది. తొమ్మిదే! భయపడాల్సినంత పెద్దదేం కాదు. ఇప్పుడు నువ్వు చేస్తున్నది తొమ్మిదిసార్లూ అదే ముక్క పెట్టడం. నేనైతే ఏం చేస్తానంటే, నీ దగ్గరున్న నాలుగైదు ట్రాకుల్నీ మొత్తం 72 బార్లకి పరిచేసి అప్పుడు తీసేయడం మొదలుపెడతా. మొదటి ముక్కలో ప్యాడ్ ఒక్కటే ఉంచుతా. రెండో దాంట్లో డ్రమ్స్ వస్తాయి కానీ కిక్ (దుమ్‌మనే పెద్ద డ్రమ్) ఉండదు. మూడో దాంట్లో బేస్ వస్తుంది. మధ్యలో ఒకచోట డ్రమ్స్ మొత్తం ఎత్తేస్తా. వినేవాళ్ళకి కొత్త లూప్ ఇచ్చినప్పటి కంటే పాతది పోయి మళ్ళీ వచ్చినప్పుడే ఒళ్ళు ఝల్లుమంటుంది, ఇది నేను చేసీ చేసీ తెలుసుకున్నా.

అర్ధరాత్రి_మిక్స్
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఒక మాట కలుపుతా. కొత్త ముక్క మొదలయ్యే చోటికి ముందు బార్‌లో చివరి ఒకటి రెండు బీట్లు కిక్ తీసేసి చూడు. అంతే. ఏ ఎఫెక్టూ అక్కర్లేదు. చెవి తనంతట తనే ఏదో రాబోతోందని ఎదురుచూస్తుంది.

తీగలచప్పుడు
నేను కొంచెం వేరేగా మాట్లాడతా, తప్పుగా అనుకోవద్దు. పదిహేనేళ్ళుగా గిటార్ వాయిస్తున్నా. ఎవరో వాయించిన గిటార్, ఎవరో కొట్టిన డ్రమ్స్, ఎవరో చేసిన బేస్ తెచ్చి వరసగా పెడితే అందులో మనదేంటి? ఆ అమ్మాయికి నిమిషంలోనే విసుగొస్తోందంటే కారణం ఇదేనేమో అనిపిస్తోంది నాకు. తను చెప్పాల్సిన మాట అందులో ఇంకా లేదు. బార్లు పెంచడం తగ్గించడం తర్వాత సంగతి.

బీట్‌మేకర్77
అన్నా, లూప్ వాడితే మనది కాదంటే ఎలా? 2007లో ప్రపంచమంతా మోగిపోయిన ఒక పాప్ పాట ఉంది, దాని డ్రమ్ బీట్ గ్యారేజ్‌బ్యాండ్‌తో అందరికీ వచ్చే లూపే. లక్షల మంది కంప్యూటర్లలో అదే ఫైల్ ఉంది, ఆ పాట మాత్రం వాళ్ళకే వచ్చింది.

తీగలచప్పుడు
అవును, ఎందుకంటే దాని మీద ఒక మనిషి గొంతు ఉంది, ఒక రాగం ఉంది, మాటలున్నాయి. నేను అంటున్నదీ అదే. లూప్ వద్దు అనట్లేదు. కనీసం ఒక్క ట్రాకైనా ఆ అమ్మాయి చేత్తోనో నోటితోనో పుట్టింది ఉండాలి అంటున్నా.

నాదబిందు
ఇద్దరూ చెప్పిందాంట్లో నాకు గొడవేం కనపడట్లేదు నాయనా. నేను తబలా నుంచి ఈ కంప్యూటర్ల వైపు వచ్చినవాణ్ణి. మేం మొదలుపెట్టిన రోజుల్లో లూప్ వేగం మారిస్తే శ్రుతి కూడా మారిపోయేది, టేపు వేగంగా తిప్పినట్టు. వేగం ఆరు శాతం పెంచితే ఇంచుమించు ఒక సెమీటోన్ పైకి పోయేది. 1994లో ప్రొపెల్లర్‌హెడ్ వాళ్ళ రీసైకిల్ వచ్చింది, అది డ్రమ్ లూప్‌ని దెబ్బ దెబ్బకీ ముక్కలు కోసి, ముక్కల మధ్య దూరం మార్చేది, శ్రుతి కదిలేది కాదు. తర్వాత 1998లో సోనిక్ ఫౌండ్రీ వాళ్ళ యాసిడ్ వచ్చాక లూప్‌ని లాగి వదిలితే చాలు, ప్రాజెక్టు వేగానికి అదే సర్దుకునేది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, లూప్‌ని కోయడం అనేది మొదటినుంచీ ఉన్న పద్ధతే, దాన్ని కోయకుండా పెట్టాలని ఎవరూ చెప్పలేదు.

అమ్మా కొత్తచెవీ, నీ డ్రమ్ లూప్‌ని దెబ్బ దెబ్బకీ ముక్కలు చెయ్యి. రెండో స్నేర్‌ని (టప్‌మనే డ్రమ్ దెబ్బ) తీసి మూడోదాని చోట పెట్టు. ఒక కిక్ తీసేయి. ఒక హైహ్యాట్‌ని (చిక్‌మనే తాళాల దెబ్బ) తిరగేసి పెట్టు. పది నిమిషాల్లో అది ఎవరి లూపో ఎవరికీ తెలియదు.

ఇంకో పని కూడా చెప్తాను, ఇది ఈ రాత్రే చెయ్యాలి. నీ ఎనిమిది బార్లు పెట్టుకుని, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, నోటికి ఏదొస్తే అది కూనిరాగం తియ్యి. మాటలు అక్కర్లేదు. ఫోన్లో రికార్డ్ చెయ్యి, నాలుగైదుసార్లు. మర్నాడు పొద్దున విను. ఏదో ఒకచోట రెండు సెకన్ల ముక్క నిన్ను పట్టుకుంటుంది. నీ పాట అక్కడ మొదలవుతుంది.

కొత్తచెవి
గురువుగారూ, అందరికీ చాలా థాంక్స్. ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. కీలు చూశా, గిటార్ ముక్క నిజంగానే వేరే కీలో ఉంది, జరిపాక ఎన్నాళ్ళుగానో అర్థం కాని ఇబ్బంది పోయింది.

కూనిరాగం కూడా తీశా. కానీ ఫోన్లో కాకుండా నేరుగా రీపర్‌లో రికార్డ్ చేద్దామని చూస్తే నా గొంతు నాకు ఆలస్యంగా వినపడుతోంది, పాడలేకపోతున్నా. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నా. లాప్‌టాప్ పాతది, అందుకేనా?

అర్ధరాత్రి_మిక్స్
లాప్‌టాప్ తప్పేం లేదు, ముందు బ్లూటూత్ తీసెయ్. అందులో చాలాసార్లు నూరు మిల్లీసెకన్లు దాటిన ఆలస్యం ఉంటుంది, దానితో ఎవరూ పాడలేరు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

తర్వాత బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కోసారి ఎంత ముక్కగా తీసుకుంటుందో అది. 44,100 హెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ళ బఫర్ పెడితే 23 మిల్లీసెకన్లు అవుతుంది, 128 పెడితే మూడు కూడా ఉండదు. శబ్దం గాల్లో ఒక మిల్లీసెకన్‌కి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి 23 అంటే స్పీకర్ నీకు ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నట్టు. మైక్ నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి చెవికి ఒకసారి, రెండుసార్లు పడుతుంది ఇది. విండోస్ అయితే ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ వాడు. సౌండ్ కార్డుకి సొంత ఏసియో డ్రైవర్ లేకపోతే ఏసియోఫర్ఆల్ అని ఉచితంగా దొరుకుతుంది. రికార్డ్ చేసేటప్పుడు 128, పాత మెషీన్‌లో టకటకమని శబ్దాలొస్తే 256. మిక్స్ చేసేటప్పుడు మళ్ళీ 1024కి పెంచేసుకో, అప్పుడు ఆలస్యంతో పని లేదు, ప్లగిన్లు (ఎఫెక్టులు, వాయిద్యాలు ఇచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) హాయిగా నడుస్తాయి. అప్పటికీ బరువైతే బరువైన ట్రాకుల్ని ఫ్రీజ్ చెయ్, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి పెట్టెయ్.

ఇంకోటి, పాడేటప్పుడు నీ గొంతు హెడ్‌ఫోన్స్‌లో వినకుండా ఒక చెవి తీసేసి పాడినా సరిపోతుంది. నేను ఇప్పటికీ అలాగే పాడతా.

రాత్రివేళ
మధ్యలో వస్తున్నా, ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. లూప్‌లు ఎక్కడినుంచి దింపావో, ఏ లైసెన్స్‌తో దింపావో ఒక నోట్‌లో రాసి పెట్టుకో. నాకు ఒక దెబ్బ తగిలింది. ఒక సైట్‌లో లూప్ ప్యాక్ తీసుకుని పాట చేసి వీడియో పెడితే వారంలో నా పాట మీద వేరేవాళ్ళు హక్కు అడిగారు, ఎందుకంటే అదే లూప్ వాడిన ఇంకెవరో తన పాటని ఆటోమేటిక్‌గా పోల్చే వ్యవస్థలో రిజిస్టర్ చేసుకున్నారు. నా దగ్గర లైసెన్స్ కాగితం ఉంది కాబట్టి చూపించి విడిపించుకున్నా, కానీ మూడు వారాలు మనశ్శాంతి లేదు. రాయల్టీ ఫ్రీ అంటే మన పాటలో కలిపి వాడుకోవచ్చు అని, ఆ లూప్‌ని విడిగా మళ్ళీ పంచడానికీ అమ్మడానికీ మామూలుగా ఒప్పుకోరు. ఫ్రీసౌండ్ లాంటి చోట ఒక్కో శబ్దానికి ఒక్కో లైసెన్స్ ఉంటుంది, సీసీ జీరో అయితే ఏ షరతూ లేదు, అట్రిబ్యూషన్ అని ఉంటే చేసినవాళ్ళ పేరు చెప్పాలి, నాన్‌కమర్షియల్ అని ఉంటే డబ్బు వచ్చే పనికి వాడకూడదు. అందరి దగ్గరా ఉండే లూప్ నీ పాటలో విడిగా వినపడుతుంటే ఆ పాటని అలాంటి వ్యవస్థలో నువ్వు కూడా రిజిస్టర్ చేయొద్దు, ఇంకొకరికి నాకు జరిగినట్టే జరుగుతుంది.

బీట్‌మేకర్77
ఇది పిన్ చేయాల్సిన పోస్టు. దీంతోపాటు ప్రాజెక్టు సేవ్ చేసేటప్పుడు మీడియా మొత్తం ప్రాజెక్టు ఫోల్డర్‌లోకే కాపీ అయ్యేలా టిక్ పెట్టుకో. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ శుభ్రం చేసి నా పాటలు ఎనిమిది పోగొట్టుకున్నా నేను, తెరిస్తే ప్రతి ట్రాకూ ఖాళీ.

కొత్తచెవి
వారం తర్వాత వస్తున్నా. చాలా జరిగింది. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టి, బఫర్ 256 పెట్టి పాడా. గురువుగారు చెప్పినట్టు పొద్దున వింటే నిజంగానే ఒక చిన్న ముక్క దొరికింది, నాలుగు స్వరాలే, కానీ రోజంతా నోట్లో ఆడుతూనే ఉంది. దాన్ని మధ్యలో పెట్టి మిగతావన్నీ దాని చుట్టూ సర్దాను. అప్పటిదాకా ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలిసేది కాదు, ఇప్పుడు గొంతుకి అడ్డం వచ్చేది తీసేస్తే చాలు అని తెలుస్తోంది. గిటార్ ముక్క నాకు చాలా ఇష్టం, అయినా సగం చోట్ల తీసేశా.

ఇంకా రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, డ్రమ్స్ మెషీన్‌లాగే ఉన్నాయి. రెండోది, మొత్తం కలిపి వింటే దుప్పటి కప్పినట్టు ఉంది, గొంతు లోపలెక్కడో ఉంది.

హైహ్యాట్
హైహ్యాట్ లూప్‌ని 8 బీట్లకి కాకుండా 7 బీట్లకి కోసి తిప్పు. మిగతావి 8తో నడుస్తుంటే ఇది జారుతూ పోయి మళ్ళీ 56 బీట్లకి గానీ కలవదు. నీ వేగంలో అంటే 35 సెకన్లు. ఒకే ఫైల్, ఒకేలా మాత్రం వినపడదు.

నాదబిందు
చాలా మంచి ఉపాయం ఇది. మన తాళాల్లో 7 అక్షరాల మిశ్ర చాపు నడక తెలిసినవాళ్ళకి ఆ జారుడు ఎంత తియ్యగా ఉంటుందో తెలుసు.

మెషీన్‌లా ఉండటానికి ఇంకో కారణం, అన్ని దెబ్బలూ ఒకే బలంతో ఉండటం. లూప్ బదులు మిడితో (శబ్దం కాకుండా ఏ దెబ్బ ఎప్పుడు పడాలో చెప్పే సూచనలతో) డ్రమ్స్ పెడితే ప్రతి దెబ్బకీ 1 నుంచి 127 దాకా వెలాసిటీ, అంటే దెబ్బ బలం, ఉంటుంది. అసలు స్నేర్‌ల మధ్య 30, 40 వెలాసిటీతో చిన్న స్నేర్ దెబ్బలు రెండు మూడు వేసి చూడు, వినపడీ వినపడనట్టు. చెయ్యి ఉన్న మనిషి వాయించినట్టు అవుతుంది. దెబ్బల్ని సరిగ్గా బీట్ మీదికి జరిపే క్వాంటైజ్ నూరు శాతం పెట్టకు, 80 దగ్గర ఆపు. తబలా మీద మేం ఒక దెబ్బని వెంట్రుకవాసి వెనక్కి వేస్తాం, వినేవాళ్ళు తల ఊపేది దానికే.

తీగలచప్పుడు
నాదబిందు గారూ, ఒకటి అడగనా? కూనిరాగంలో తన గొంతు జారుతుంది కదా స్వరం నుంచి స్వరానికి, అదే మిడి సింథ్‌లో పెడితే మెట్లు మెట్లుగా వస్తోంది నాకు ఎప్పుడూ. గమకం రావట్లేదు.

నాదబిందు
స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ వాడాలండీ. మామూలుగా అది అటూ ఇటూ రెండు సెమీటోన్లకే సెట్ అయి ఉంటుంది, సింథ్‌లో దాన్ని 12కి పెంచుకోండి. లోపల 16,384 మెట్లు ఉంటాయి కాబట్టి చెవికి మెట్టు తెలియదు. ఒక స్వరం నొక్కి పట్టుకుని, మౌస్‌తో బెండ్ గీత గీసుకుంటూ పోవడమే. నేను ఒక నాలుగు సెకన్ల గమకానికి గంట కూర్చున్న రోజులున్నాయి. గొంతు ఉన్నచోట మాత్రం గొంతే వాడండి.

అర్ధరాత్రి_మిక్స్
దుప్పటి సంగతికి వస్తా, ఇది నా ఇలాకా. అమ్మాయ్, ప్యాక్‌లలో వచ్చే లూప్ ప్రతిదీ ఒంటరిగా వింటే గొప్పగా ఉండేలా చేస్తారు. ప్రతిదానికీ నిండా బేస్, నిండా రివర్బ్ (హాల్లో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) ముందే కలిపి ఉంటాయి. అలాంటివి అయిదు కలిపితే కింద బురదే. కాబట్టి ప్యాడ్ మీదా, గిటార్ మీదా, నీ గొంతు మీదా ఈక్యూలో (శబ్దంలో కింది, పై భాగాల్ని విడివిడిగా తగ్గించే పెంచే పనిముట్టు) 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసెయ్. ప్యాడ్‌ని ఒంటరిగా వింటే పల్చబడినట్టుంటుంది, కంగారుపడకు, కలిపి విను. తర్వాత 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ప్యాడ్‌ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించు, నీ గొంతు ముందుకి రావడం నీకే తెలుస్తుంది. గొంతుని పెంచకు, చుట్టూ ఉన్నవి తగ్గించు. కిక్కూ బేసూ ఒకేసారి కొడుతుంటే బేస్ లూప్‌ని కోసి కిక్ పడేచోట కాస్త ఖాళీ ఇవ్వొచ్చు, లేదా సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెడితే కిక్ వచ్చినప్పుడల్లా బేస్ దానంతటదే తగ్గుతుంది.

మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా అన్ని ఫేడర్లూ కిందికి తెచ్చుకో. 24 బిట్‌లో పని చేస్తే లెక్క ప్రకారం 144 డెసిబెల్స్ చోటుంది, తక్కువ లెవెల్లో ఉంటే పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. సున్నా దాటితే మాత్రం ఎక్స్‌పోర్ట్‌లో చిట్లిపోతుంది. చివర్లో లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) సీలింగ్ మైనస్ 1. గట్టిగా వినపడాలని మరీ నలపకు, స్పాటిఫై లాంటివి మామూలుగా మైనస్ 14 లఫ్స్ (వినపడే గట్టితనానికి కొలత) దగ్గరికి తెచ్చే వినిపిస్తాయి, నువ్వెంత నలిపినా అక్కడ తగ్గించేస్తారు, నలిగిన శబ్దం మాత్రం మిగిలిపోతుంది.

కొత్తచెవి
అయిపోయింది!! 68 బార్లు, రెండు నిమిషాల యాభై సెకన్లు. లింక్ నా ప్రొఫైల్‌లో పెట్టా. 33వ బార్ నుంచి 40 దాకా డ్రమ్స్ అన్నీ ఎత్తేశా, గొంతూ ప్యాడూ మాత్రమే. మొదటిసారి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా విన్నా, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ప్లీజ్ ఎవరైనా విని నిజంగా ఎలా ఉందో చెప్పండి, బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి.

తీగలచప్పుడు
రెండుసార్లు విన్నా. డ్రమ్స్ లేని ఆ ఇరవై సెకన్లు నాకు బాగా నచ్చింది. ఆ నాలుగు స్వరాలకి చివర్లో నీ గొంతు కొంచెం కిందికి జారుతుంది చూడు, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిచేయకు. నీకు ఎప్పుడైనా నిజం గిటార్ ముక్క కావాలంటే కీ, బీపీఎం రాసి పంపు, వాయించి వేవ్ ఫైల్ ఇస్తా.

బీట్‌మేకర్77
7 బీట్ల హైహ్యాట్ సూపర్‌గా కూర్చుంది చెల్లీ. ఇంట్రో మాత్రం నాకు కొంచెం పొడుగనిపించింది, 8 బార్ల బదులు 4 చేస్తే?

నాదబిందు
ఇంట్రో అలాగే ఉండనివ్వమ్మా, ఆ ప్యాడ్‌కి ఊపిరి కావాలి. బీట్‌మేకర్ బాబు మాట కూడా ఒకసారి చేసి చూసి, పొద్దున లేచాక రెండూ విని నువ్వే తేల్చుకో.

అర్ధరాత్రి_మిక్స్
మిక్స్ శుభ్రంగా ఉంది. ఒక్కటే, 1:40 దగ్గర డ్రమ్స్, గిటార్ తిరిగి వచ్చేచోట టక్ మని చిన్న శబ్దం ఉంది. గిటార్ ముక్కని వేవ్ సున్నా గీత మీద లేనిచోట కోశావు. ఆ ముక్క మొదట్లో అయిదు మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టు, పోతుంది. మిగతాదేదీ ముట్టుకోకు.

కొత్తచెవి
పెట్టేశా అన్నా, పోయింది. కొత్త ఫైల్ అదే లింక్‌లో ఉంది. ఇంట్రో రెండు రకాలుగా విన్నా, 8 బార్లే ఉంచేశా. ఇప్పుడు ఆ 23 ఉన్న ఫోల్డర్ తెరిచి ఒక్కొక్కదాని మీదా పాడుకుంటూ కూర్చున్నా.